మూలుగలో రెండు జబ్బులు: ఈ రక్తహీనత ఎవరి ఖాతాలో రాయాలి?

అనంతపురం, హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి బెంగళూరుకు రక్తపు జబ్బుతో వచ్చేవాళ్ల వెంట ఒక లావుపాటి ఫైలు ఉంటుంది. అందులో ఒక రిపోర్టు మైలోమా (యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల కేన్సర్) అంటుంది, ఇంకోటి ఎండీఎస్ (మూలుగలో రక్తకణాలు సరిగ్గా తయారవని జబ్బు) అంటుంది. ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట: "రెండిట్లో ఏదో ఒకటి తప్పే కదా సార్?" చాలాసార్లు అవును, ఒకటి తప్పే. కొన్నిసార్లు మాత్రం రెండూ నిజం. ఒకే మూలుగలో రెండు వేర్వేరు రక్త కేన్సర్లు పక్కపక్కనే పెరుగుతుంటాయి. అరుదే కానీ, అరవై దాటినవాళ్లలో మనం అనుకునేంత అరుదు కాదు. వాటిని ఎలా పట్టుకోవాలి, ఎక్కడ పొరబడతాం, ముందు దేనికి మందు మొదలుపెట్టాలి అన్నదే ఈ పోస్టు. ల్యాబులో ఉన్నవాళ్లకు, పీజీలకు, పేషెంటు తరఫున ఫైలు మోసేవాళ్లకు కూడా పనికొచ్చేలా రాస్తున్నాను. డోసులు విషయం అర్థం కావడానికి రాసినవే, చూసి వాడుకోవడానికి కాదు.

ముందు ఒక వడపోత. చూడటానికి రెండులా ఉండి నిజానికి ఒకటే అయిన జబ్బులు కొన్ని ఉన్నాయి. ఎండీఎస్ ముదిరి ఏఎంఎల్ (వేగంగా ముదిరే రక్త కేన్సర్) అయితే అది రెండో జబ్బు కాదు, అదే క్లోన్ (ఒకే కణం నుంచి పుట్టిన కణాల గుంపు) ముందుకు నడిచింది. లింఫోప్లాస్మసైటిక్ లింఫోమాలో బీ కణాలూ ఉంటాయి, ప్లాస్మా కణాలూ ఉంటాయి. రెండిటిలోనూ ఒకే లైట్ చైన్ (యాంటీబాడీలోని చిన్న ముక్క; కప్పా లేదా ల్యామ్డా), రక్తంలో ఐజీఎం (ఒక రకం యాంటీబాడీ), ఎంవైడీ88 ఎల్265పీ మ్యుటేషన్ కనిపిస్తాయి. దాన్ని "లింఫోమా ప్లస్ మైలోమా" అని రాస్తే పేషెంటుకు అక్కర్లేని మందులు పడతాయి. ఇంకా చిక్కయినది ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల కణాలు) పెరిగే కొన్ని జబ్బుల సంగతి. మెడలో గడ్డ బయాప్సీ టీ లింఫోబ్లాస్టిక్ లింఫోమా అంటుంది, మూలుగ ఎంపీఎన్ (రక్తకణాలు అతిగా తయారయ్యే జబ్బు) అంటుంది. వెతికితే రెండు చోట్లా ఎఫ్‌జీఎఫ్ఆర్1 దగ్గర తెగి అతుక్కున్న ఒకే క్రోమోజోమ్ దొరుకుతుంది. పీడీజీఎఫ్ఆర్ఏ జీన్ అయితే మరీ ముఖ్యం, ఎందుకంటే ఎఫ్ఐపీ1ఎల్1తో దాని కలయిక మామూలు కారియోటైప్‌లో (క్రోమోజోములను మైక్రోస్కోపులో చూసే పరీక్ష) కనబడదు, ఫిష్ (ఒక జీన్‌ను మెరిసే రంగుతో వెతికే పరీక్ష) అడిగి చేయించాలి. దొరికితే రోజుకు 100 మి.గ్రా. ఇమాటినిబ్‌కే లొంగుతుంది. "రెండు జబ్బులు" అనే ముందు ఇసినోఫిల్ కౌంటు చూశారా లేదా అన్నది మొదటి ప్రశ్న.

నిజంగా జంటగా కనబడేవి: మైలోమాతో ఎండీఎస్, సీఎల్ఎల్‌తో (లింఫోసైట్లు నెమ్మదిగా పెరిగే రక్త కేన్సర్) జాక్2 మ్యుటేషన్ ఉన్న ఎంపీఎన్, సీఎల్ఎల్‌తో మైలోమా, ఏఎంఎల్ వెనకాల నక్కి ఉన్న సీఎల్ఎల్, సీఎంఎల్‌తో (బీసీఆర్-ఏబీఎల్ జీన్ వల్ల వచ్చే రక్త కేన్సర్) జాక్2 జబ్బు, సిస్టమిక్ మాస్టోసైటోసిస్‌తో (మాస్ట్ కణాలు పేరుకునే జబ్బు) సీఎంఎంఎల్ (మోనోసైట్లు పెరిగే రక్త కేన్సర్). కారణం కొంతవరకు వయసే. ముసలితనంలో మూలుగలో డీఎన్ఎంటీ3ఏ, టెట్2, ఏఎస్ఎక్స్ఎల్1 లాంటి మ్యుటేషన్లున్న క్లోన్లు జబ్బేమీ లేకుండానే తయారవుతుంటాయి. సీఎల్ఎల్‌లో రోగనిరోధక శక్తి తగ్గుతుంది కాబట్టి రెండో కేన్సర్‌కు అవకాశం ఎక్కువ. మైలోమాకు మెల్ఫలాన్ పడినవాళ్లలో కొన్నేళ్ల తర్వాత ఎండీఎస్ రావచ్చు. అయితే మందు ఒక్క మాత్ర కూడా పడకముందే రెండూ కలిసి కనబడే కేసులూ ఉన్నాయి, కాబట్టి నెపమంతా కీమో మీద నెట్టడానికి లేదు.

ఇక అసలు విషయం. ఒకే కరెంటు మీటరు మీద రెండు వాటాలున్న ఇంట్లో బిల్లు ఎక్కువొస్తే ఏ వాటా వాళ్లు వాడారో తేల్చకుండా ఎవర్నీ అడగలేం. రెండు జబ్బులున్న మూలుగలో హీమోగ్లోబిన్ 7 ఉంటే చేయాల్సిందీ అదే. ఆ రక్తహీనత మైలోమాదా, ఎండీఎస్‌దా, సీఎల్ఎల్ వల్ల వచ్చిన హీమోలైసిస్‌దా (ఎర్ర కణాలు పగిలిపోవడం), కిడ్నీదా, లేక ఉత్త బీ12 లోపమా? ప్రతి అసాధారణతనూ ఏదో ఒక క్లోన్ ఖాతాలో రాశాకే మందు చీటీ రాయాలి. మిగతాదంతా ఈ లెక్క ఎలా వేయాలన్నదే.

లెక్క మొదలయ్యేది సూది దగ్గర. నడుము వెనకాల ఇలియాక్ ఎముక నుంచి తీసే మూలుగలో మొదటి లాగుడుకు వచ్చే 0.25 నుంచి 0.5 మి.లీ.లోనే అసలు సరుకు ఉంటుంది. అది స్మియర్‌కే (స్లైడు మీద పలచగా పరిచి చూసేది) పోవాలి. సిరంజితో ఒకేసారి 5 మి.లీ. లాగి, దాన్నే అన్ని ట్యూబుల్లో పంచి, మిగిలిన చుక్కతో స్లైడ్లు చేస్తే ఆ స్లైడ్ల మీద ఉండేది సగానికి పైగా మామూలు రక్తమే. బ్లాస్టులు (ఎదగని పసి కణాలు), ప్లాస్మా కణాలు రెండూ తక్కువగా లెక్కకొస్తాయి. రెండో లాగుడుకు ముందు సూదిని కాస్త తిప్పో, కొంచెం లోపలికి జరిపో తీయాలి. అందులోంచి ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో ఫ్లోకి (కణాల మీది గుర్తులను చూసి లెక్కించే పరీక్ష), మ్యుటేషన్ పరీక్షలకి; ఆకుపచ్చ మూత సోడియం హెపారిన్ ట్యూబులో కారియోటైప్‌కి. ఇవి తారుమారైతే రెండూ చెడతాయి. హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ఈడీటీఏలో ఉంచిన కణాలు కల్చర్‌లో సరిగ్గా విభజన చెందవు.

ట్రెఫైన్ బయాప్సీ (ఎముకతో సహా మూలుగ ముక్క తీయడం) అక్కర్లేదని చాలాచోట్ల వదిలేస్తారు. రెండు జబ్బుల అనుమానం ఉన్నప్పుడు అది వదిలితే సగం కేసు వదిలినట్టే. ప్లాస్మా కణాలు గుంపులు గుంపులుగా ఉంటాయి. సూదికి రావచ్చు, రాకపోవచ్చు. ఫ్లోలో అయితే దాదాపు ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. బయాప్సీ మీద సీడీ138 (ప్లాస్మా కణాల గుర్తు) రంగు వేస్తే నిజమైన శాతం తెలుస్తుంది. ముక్క కనీసం ఒకటిన్నర, వీలైతే 2 సెంటీమీటర్లు ఉండాలి. ఫైబ్రోసిస్ (మూలుగ నారలా గట్టిపడటం) వల్ల సూదికి ఏమీ రాకపోతే ఆ ముక్కనే నాలుగైదు స్లైడ్ల మీద మెల్లగా అద్ది తీసిన ఇంప్రింట్లతో కణాల రూపం చూడొచ్చు. తర్వాత ముక్కను ఫార్మలిన్‌లో వేయాలి. స్మియర్ స్లైడ్లను ఆ ఫార్మలిన్ డబ్బా ఉన్న పెట్టెలో పెట్టి పంపకండి. ఆవిరి తగిలితే చాలు, రంగు పట్టక నీలంగా మసకబారతాయి. అప్పుడు డిస్‌ప్లేసియా (కణాల రూపం వికారంగా ఉండటం) ఉందో లేదో దేవుడే చెప్పాలి. ఎముకను మెత్తబరచడానికి ల్యాబు ఏది వాడుతుందో అడగడం కూడా మంచిది. గాఢ ఆమ్లం వాడితే పని తొందరగా అవుతుంది కానీ డీఎన్ఏ పాడవుతుంది. ఈడీటీఏతో ఒకటి రెండు రోజులు ఎక్కువ పట్టినా తర్వాత అదే బ్లాకు మీద మ్యుటేషన్లు వెతకొచ్చు.

అనంతపురంలో తీసిన శాంపిల్ బెంగళూరుకు రాత్రి బస్సు పార్సిల్‌లో వస్తుంది. ఎండాకాలంలో దాన్ని ఐసు గడ్డల మధ్య పూడ్చి పంపేవాళ్లున్నారు, ఏమీ లేకుండా పంపేవాళ్లూ ఉన్నారు. ఫ్లో, కారియోటైప్ శాంపిళ్లు గడ్డకట్టకూడదు, ఉడకకూడదు. మామూలు గది ఉష్ణోగ్రత కావాలి. కూల్ ప్యాక్ పెడితే ట్యూబుకు తగలకుండా మధ్యలో మందపాటి గుడ్డో అట్టో ఉండాలి. 24 గంటల్లో చేరితే మేలు, 48 దాటితే చచ్చిన కణాలే ఎక్కువ. శనివారం మధ్యాహ్నం మారో (మూలుగ పరీక్ష) చేసి సోమవారం ల్యాబు తెరిచేదాకా ఉంచడం కన్నా సోమవారమే చేయడం తెలివైన పని.

సూదికి ముందే చెడగొట్టే విషయాలు వేరే ఉన్నాయి. మన ఊళ్లలో నీరసం అనగానే "బలానికి సూది" పడుతుంది. అందులో బీ12 ఉంటుంది. ఆ తర్వాత సీరం బీ12 చూస్తే ఆకాశాన్ని అంటుతుంది. బీ12 లోపంలో మూలుగ చూడటానికి అచ్చం ఎండీఎస్ లాగే ఉంటుంది: ఎంసీవీ (ఎర్ర కణం సైజు) 110, కణాల కేంద్రకాలు వింతగా, ప్లేట్‌లెట్లు తక్కువ. మైలోమా ఉన్న మనిషికి బీ12 లోపం కూడా ఉంటే తొందరపడి "మైలోమా విత్ ఎండీఎస్" అని రాసేస్తారు. కాబట్టి బీ12, ఫోలేట్ రక్తపరీక్ష ముందు, బలం సూది తర్వాత. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్ వల్ల రింగ్ సైడరోబ్లాస్టులు (కేంద్రకం చుట్టూ ఇనుము పేరుకున్న పసి ఎర్ర కణాలు) వస్తాయి, లినెజోలిడ్ వల్ల ప్లేట్‌లెట్లు పడిపోతాయి. మద్యం, రాగి లోపం, వాల్‌ప్రోయేట్, మైకోఫెనోలేట్, హెచ్ఐవీ కూడా ఇలాగే మోసం చేస్తాయి. తెల్ల కణాలు తక్కువని జీ-సీఎస్ఎఫ్ వేసి నాలుగో రోజు మారో చేస్తే బ్లాస్టులు లేనిచోట ఉన్నట్టు కనిపిస్తాయి. డెక్సామెథసోన్ వేశాక చేస్తే లింఫోమా ఉన్నచోట లేనట్టు కనిపిస్తుంది.

రిక్వెస్ట్ ఫారం మీద "మైలోమా" అని ఒక్క ముక్క రాస్తే ఫ్లో ల్యాబు ప్లాస్మా కణాల ప్యానెల్ (గుర్తుల జట్టు) ఒక్కటే వేస్తుంది. వాళ్ల తప్పేమీ లేదు, అడిగింది అదే. రక్తంలో లింఫోసైట్లు ఎక్కువున్నాయా, ఎంసీవీ పెరిగిందా, ప్లీహం తగులుతోందా, ఇంతకుముందు ఏ మందులు వాడారు, ఇవన్నీ రాస్తే మూడు ప్యానెళ్లూ చూస్తారు. ప్లాస్మా కణాలకు సీడీ38, సీడీ138, సీడీ19, సీడీ56, కణం లోపలి కప్పా ల్యామ్డా. లింఫోసైట్లకు సీడీ5, సీడీ19, సీడీ20, సీడీ23, సీడీ200, పైపొర మీది కప్పా ల్యామ్డా. బ్లాస్టులకు సీడీ34, సీడీ117, సీడీ13, సీడీ33. ప్లాస్మా కణాలు కప్పా, సీఎల్ఎల్ కణాలు ల్యామ్డా అని తేలితే రెండు వేర్వేరు క్లోన్లని దాదాపు చెప్పేయొచ్చు. రెండూ కప్పా అయితే చెప్పలేం, ఐజీహెచ్ (యాంటీబాడీ జీన్) సీక్వెన్స్ పోల్చాలి. లింఫోసైట్లు క్లోనల్ అయినంత మాత్రాన సీఎల్ఎల్ అయిపోదు. రక్తంలో ఆ బీ కణాలు మైక్రోలీటరుకు 5,000కు తక్కువుండి గడ్డలూ గట్రా లేకపోతే అది మోనోక్లోనల్ బీ లింఫోసైటోసిస్ మాత్రమే. దానికి కేన్సర్ పేరు తగిలించి ఇంటిల్లిపాదినీ భయపెట్టకండి.

ఒక ఉచ్చు గురించి విడిగా చెప్పాలి. మైలోమాలో టీ(11;14), అంటే 11, 14 క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడం, సాధారణమే. దాని వల్ల సైక్లిన్ డీ1 అనే ప్రోటీన్ పాజిటివ్ వస్తుంది. అదే మూలుగలో సీడీ5 పాజిటివ్ లింఫోసైట్లు కూడా ఉన్నాయనుకోండి. కణాలను వేరు చేయకుండా మొత్తం శాంపిల్ మీద ఫిష్ చేస్తే 11;14 పాజిటివ్, ఫ్లోలో సీడీ5 పాజిటివ్ బీ కణాలు. రెండూ కలిపి చదివితే మాంటిల్ సెల్ లింఫోమా (మరో రకం బీ కణాల కేన్సర్) అయిపోతుంది! బయాప్సీ మీద ఆ సైక్లిన్ డీ1 ప్లాస్మా కణాల్లో ఉందా లింఫోసైట్లలో ఉందా అని చూస్తే ఐదు నిమిషాల్లో తేలే విషయం. లింఫోసైట్లలో సీడీ200 గట్టిగా ఉంటే అది మాంటిల్ వైపు కాదు, సీఎల్ఎల్ వైపు మొగ్గు. మైలోమా ఫిష్ ఎప్పుడైనా సీడీ138తో ప్లాస్మా కణాలను వేరు చేశాకే చేయించాలని ఇందుకే పట్టుబట్టేది. 13క్యూ డిలీషన్ (13వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క పోవడం) సీఎల్ఎల్‌లోనూ ఉంటుంది, మైలోమాలోనూ ఉంటుంది. "22% కణాల్లో 13క్యూ డిలీషన్" అన్న వాక్యం ఏ కణాల్లోనో చెప్పకపోతే ఎందుకూ కొరగాదు. 17పీ డిలీషన్ అయితే ఇంకా ప్రమాదం. అది ఏ క్లోన్‌లో ఉందన్న దాన్ని బట్టే మందు మారుతుంది.

కారియోటైప్‌లో 20 మెటాఫేజులు (విభజన దశలో ఉన్న కణాలు) చూస్తారు. ఒకే అదనపు క్రోమోజోమ్ లేదా విరుపు 2 కణాల్లో, ఒకే క్రోమోజోమ్ పోవడం 3 కణాల్లో కనబడితేనే క్లోన్. ఇక్కడ సామాన్యంగా మర్చిపోయే సంగతి: ప్లాస్మా కణాలు కల్చర్‌లో బద్ధకస్తులు. మైలోమా పేషెంటు కారియోటైప్‌లో డెల్(20క్యూ) (20వ క్రోమోజోమ్‌లో ముక్క పోవడం), మోనోసోమీ 7 (7వ క్రోమోజోమ్ ఒకటి పోవడం) లాంటివి వచ్చాయంటే అవి మైలాయిడ్ కణాలవని అనుమానించాలి. ముసలాయన శాంపిల్‌లో వై క్రోమోజోమ్ పోయిందంటే మాత్రం కంగారక్కర్లేదు, వయసుతో అది పోతూనే ఉంటుంది.

ఎన్‌జీఎస్ (ఒకేసారి చాలా జీన్లలో మ్యుటేషన్లు వెతికే పరీక్ష) రిపోర్టులో వీఏఎఫ్ (ఆ జీన్ కాపీల్లో ఎంత శాతానికి మ్యుటేషన్ ఉందో) అనే అంకె ఉంటుంది. రెండు కాపీల్లో ఒకదానిలోనే మ్యుటేషన్ ఉంటే, ఆ అంకెను రెట్టింపు చేస్తే ఎంత శాతం కణాల్లో ఉందో వస్తుంది. ఈ చిన్న లెక్కే చాలా కేసులు విడదీస్తుంది. మినహాయింపులు తెలిసుండాలి: మగవాళ్లలో ఎక్స్ క్రోమోజోమ్ మీదున్న జడ్ఆర్ఎస్ఆర్2, బీకార్ లాంటి జీన్లకు రెట్టింపు చేయకూడదు. 17పీ పోయిన చోట టీపీ53కీ అంతే. సరిగ్గా 50 దగ్గర ఆగిన డీడీఎక్స్41 లాంటిది పుట్టుకతో వచ్చిందేమో చూడాలి. అలాంటప్పుడు అన్నదమ్ములను డోనర్‌గా తీసుకునే ముందు వాళ్లకూ పరీక్ష చేయించాలి. డీఎన్ఎంటీ3ఏ 4 శాతం ఉందని ఎండీఎస్ అనడం ఇప్పుడు కొత్త జబ్బుగా తయారైంది. రక్తకణాలు బాగుండి, మూలుగలో డిస్‌ప్లేసియా లేకపోతే అది వయసు తెచ్చిన క్లోన్, అంతే.

ఒక ఊహా ఫైలు తీసుకుని లెక్క వేద్దాం. మనిషికి 68 ఏళ్లు. హీమోగ్లోబిన్ 7.6, ఎంసీవీ 106, న్యూట్రోఫిల్స్ 1,100, ప్లేట్‌లెట్లు 62,000. ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఐజీజీ కప్పా ఎం బ్యాండ్ (ఒకే క్లోన్ తయారుచేసిన యాంటీబాడీ గీత) 2.6 గ్రాములు. కాల్షియం 9.1, క్రియాటినిన్ 1.0, పెట్ సీటీలో ఎముకల్లో మచ్చ లేదు. ఫ్రీ లైట్ చైన్ (కప్పా, ల్యామ్డా) నిష్పత్తి 9. మూలుగ బయాప్సీలో ప్లాస్మా కణాలు 16%, బ్లాస్టులు 7%, మెగాకారియోసైట్లు చిన్నవై ఒంటి కేంద్రకంతో ఉన్నాయి. కారియోటైప్‌లో 20లో 14 మెటాఫేజుల్లో డెల్(20క్యూ). ఎన్‌జీఎస్‌లో ఏఎస్ఎక్స్ఎల్1 వీఏఎఫ్ 36%. బీ12 మామూలే.

ఎం బ్యాండ్ ఉంది, ప్లాస్మా కణాలు 10% దాటాయి, రక్తహీనత ఉంది. పుస్తకం చూస్తే మైలోమా, చికిత్స మొదలుపెట్టాలి. కానీ ఏఎస్ఎక్స్ఎల్1 36 అంటే 72% కణాల్లో ఉంది. ప్లాస్మా కణాలు 16 మాత్రమే. అంటే ఆ మ్యుటేషన్ వాటిది కాదు, రక్తాన్ని తయారుచేసే మైలాయిడ్ కణాలది. పెద్ద ఎంసీవీ, తగ్గిన ప్లేట్‌లెట్లు, 7% బ్లాస్టులు అన్నీ అటే చూపిస్తున్నాయి. 16% ప్లాస్మా కణాలు మామూలుగా హీమోగ్లోబిన్‌ను 7.6కు దించవు. మైలోమా నిర్వచనంలో రక్తహీనత "ఆ ప్లాస్మా కణాల జబ్బు వల్ల" వచ్చినదై ఉండాలి. ఇక్కడ అది ఎండీఎస్ ఖాతా. ఎముక, కిడ్నీ, కాల్షియం బాగున్నాయి. లైట్ చైన్ నిష్పత్తి 100కు దూరం, ప్లాస్మా కణాలు 60%కు దూరం. కాబట్టి ఇది స్మోల్డరింగ్ (ఇంకా హాని మొదలుపెట్టని) మైలోమా, దానికిప్పుడు మందక్కర్లేదు. మందు కావాల్సింది ఎండీఎస్‌కు: ఐపీఎస్ఎస్-ఆర్ (ఎండీఎస్ రిస్కు కొలిచే మార్కుల పద్ధతి) లెక్కలో బ్లాస్టులకు 2, హీమోగ్లోబిన్‌కు 1.5, ప్లేట్‌లెట్లకు 0.5, క్రోమోజోమ్‌కు 1, మొత్తం 5, హై రిస్క్. ఈయనకు మైలోమా పేరు చెప్పి లెనలిడొమైడ్ 25 మి.గ్రా. మొదలుపెడితే ఉన్న కాసిని ప్లేట్‌లెట్లూ పోతాయి, ముదురుతున్న జబ్బు అలాగే ముదురుతుంది.

అలాంటి ఎండీఎస్‌కు వాడేది అజాసిటిడిన్, చదరపు మీటరుకు 75 మి.గ్రా. చొప్పున 7 రోజులు, 28 రోజులకోసారి. ఒంటి వైశాల్యం 1.6 అయితే రోజుకు 120 మి.గ్రా. అంటే 100 మి.గ్రా. వయల్స్ రెండు తెరవాలి. 4 మి.లీ. నీళ్లు కలిపితే మి.లీ.కు 25 మి.గ్రా. అవుతుంది, కాబట్టి 4.8 మి.లీ. మందు. 4 మి.లీ. దాటితే రెండు సిరంజిలు, రెండు చోట్ల చర్మం కింద. కలిపాక అది పాలలా తెల్లగా ఉంటుంది, కింద పేరుకుంటుంది. వేసే ముందు సిరంజిని అరచేతుల మధ్య దొర్లించి కలపాలి. బయట ఉంచితే గంటలోపే వేసెయ్యాలి. ఫార్మసీలో పొద్దున కలిపి మధ్యాహ్నం దాకా వార్డు బల్ల మీద ఉంచిన మందు వేసి "పనిచేయలేదు" అనడం న్యాయం కాదు. ఫలితం కూడా ఒకటి రెండు సైకిళ్లలో తేలదు, నాలుగు నుంచి ఆరు దాకా చూడాలి. మొదటి రెండిట్లో కౌంట్లు ఇంకా పడతాయి. ఇంట్లోవాళ్లకు ఇది ముందే చెప్పకపోతే మూడో నెలలో ఆయుర్వేదం వైపు వెళ్లిపోతారు.

పేషెంటు ఆరోగ్యం సహకరిస్తే అలోజెనిక్ ట్రాన్స్‌ప్లాంట్ (దాత మూలకణాలు ఎక్కించడం) మాట ముందే ఎత్తాలి. తోబుట్టువు ఒక్కొక్కరికీ హెచ్ఎల్ఏ (కణాల మీది గుర్తులు) పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. కుటుంబంలో దొరక్కపోతే రిజిస్ట్రీలున్నాయి. బెంగళూరులో డీకేఎంఎస్, చెన్నైలో దాత్రి. మైలోమాకు చేసే ఆటోలోగస్ ట్రాన్స్‌ప్లాంట్ (సొంత మూలకణాలే తిరిగి ఎక్కించడం) మాత్రం ఎండీఎస్ పక్కనుంటే చేయకూడని పనే అని నా అభిప్రాయం. సేకరించే మూలకణాల్లోనే ఆ క్లోన్ ఉంటుంది, పైగా మెల్ఫలాన్ దానికి ఎరువు వేసినట్టు.

ఇదే జంటలో కథ తిరగబడితే, అంటే ఫ్రీ లైట్ చైన్లు వేలల్లో ఉండి క్రియాటినిన్ 5 ఉంటే, ఆలోచించే వ్యవధి లేదు. ముందు మైలోమా. బోర్టెజోమిబ్, డెక్సామెథసోన్‌తో మొదలుపెడితే కిడ్నీ కోసం డోసు తగ్గించక్కర్లేదు, ప్లేట్‌లెట్లు తగ్గినా మళ్లీ లేస్తాయి. హెర్పిస్ రాకుండా ఎసైక్లోవిర్ తప్పదు. ఎండీఎస్‌ది డెల్(5క్యూ) అయితే లెనలిడొమైడ్ రెండిటికీ పనికొస్తుంది. ఎండీఎస్‌కు మొదలు 10 మి.గ్రా., కిడ్నీని బట్టి ఇంకా తక్కువ. టీపీ53 ఉందేమో చూడకుండా మాత్రం వద్దు, ఆ క్లోన్ ఆ మందు కిందే పెరుగుతుంది.

డారటుముమాబ్ (సీడీ38ను పట్టుకునే మైలోమా మందు) వాడాలనుకుంటే మొదటి డోసుకు ముందే బ్లడ్ బ్యాంకుకు చెప్పి రక్తం గ్రూపుతో పాటు పూర్తి ఫీనోటైప్ (ఎర్ర కణాల మీది మిగతా గుర్తులు) చేయించండి. ఎర్ర కణాల మీద కూడా కొద్దిగా సీడీ38 ఉంటుంది, మందు వాటికి అతుక్కుంటుంది. ఆ తర్వాత ఏ బ్యాగు పెట్టినా క్రాస్‌మ్యాచ్ కలవదు. నెలకు నాలుగు బ్యాగులు ఎక్కించుకునే ఎండీఎస్ మనిషికి ఇది రాత్రి పదకొండింటికి తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. డీటీటీ అనే రసాయనం కలిపి చేస్తే దాటొచ్చు, కానీ అది అన్ని బ్లడ్ బ్యాంకుల్లో ఉండదు. ఊళ్లో రక్తం ఎక్కించుకునేవాళ్లు ఈ మందు పేరు రాసిన చీటీ జేబులో ఉంచుకోవాలి. ఈ మందే ఎలక్ట్రోఫోరెసిస్‌లో చిన్న ఐజీజీ కప్పా గీతలా కనిపిస్తుంది. జబ్బు తిరగబెట్టిందని దాన్ని చూసి బెదరకండి.

సీఎల్ఎల్ ఉన్నచోట చేయకూడనిది తొందర. పక్కన మైలోమా ఉంటే మైలోమాకే వైద్యం చేసి సీఎల్ఎల్‌ను గమనిస్తే చాలాసార్లు సరిపోతుంది. రక్తహీనత ఉందని సీఎల్ఎల్ మందు మొదలుపెట్టే ముందు కూంబ్స్ టెస్టు, రెటిక్ కౌంటు, ఎల్‌డీహెచ్ చూడండి. హీమోలైసిస్ అయితే ముందు స్టెరాయిడ్. సీఎల్ఎల్‌తో జాక్2 థ్రాంబోసైథీమియా (ప్లేట్‌లెట్లు అతిగా పెరిగే ఎంపీఎన్) కలిస్తే ఇంకో చిక్కు: ప్లేట్‌లెట్ల కోసం ఆస్ప్రిన్ వేస్తారు, సీఎల్ఎల్ కోసం ఇబ్రుటినిబ్ వేస్తే అదీ ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీస్తుంది. రెండూ కలిసి రక్తస్రావం. ప్లేట్‌లెట్లు 10 లక్షలు దాటినవాళ్లలో వాన్ విలెబ్రాండ్ (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్) లోపం కూడా వచ్చి ఉండొచ్చు, అక్కడ ఆస్ప్రిన్ కూడా ఆలోచించి వేయాలి. ముందు హైడ్రాక్సీయూరియాతో ప్లేట్‌లెట్లు దించుకుని తర్వాత మిగతాది.

ఏఎంఎల్ వెనక సీఎల్ఎల్ ఉంటే వెనెటోక్లాక్స్, అజాసిటిడిన్ జంట రెండిటినీ పట్టుకుంటుంది. పేచీ డోసు పెంచే వేగం దగ్గర. ఏఎంఎల్‌లో మూడు రోజుల్లో 100, 200, 400కు వెళ్తారు. సీఎల్ఎల్‌లో 20తో మొదలై ఐదు వారాలు పడుతుంది, కారణం ట్యూమర్ లైసిస్ (కేన్సర్ కణాలు ఒక్కసారిగా పగిలి వాటిలోని పదార్థాలు రక్తంలో కలవడం). తెల్ల కణాలు 40,000 ఉంటే అందులో బ్లాస్టులెన్ని, లింఫోసైట్లెన్ని అని చూడాలి. లింఫోసైట్లే ఎక్కువైతే ఆసుపత్రిలో ఉంచి పొటాషియం, ఫాస్ఫరస్, యూరిక్ యాసిడ్, క్రియాటినిన్ 6 నుంచి 8 గంటలకోసారి చూస్తూ మెల్లగా పెంచాలి. పోసకొనజోల్ (ఫంగస్ మందు) తోడుంటే 400 కాస్తా 70 మి.గ్రా. అవుతుంది. ఇది మర్చిపోతే కౌంట్లు నెలల తరబడి లేవవు. ఇండక్షన్ (మొదటి విడత చికిత్స) అయ్యాక మూలుగలో మిగిలిన లింఫోసైట్ల గుంపును చూసి "ల్యుకేమియా మిగిలింది" అని రాసే ప్రమాదమూ ఉంది. వెనెటోక్లాక్స్ మైలోమాకు కూడా పనికొస్తుందని విని ఆశపడేవాళ్లకు ఒక మాట: బెల్లినీ ట్రయల్‌లో బోర్టెజోమిబ్‌తో కలిపి వాడినవాళ్లలో మరణాలు పెరగడంతో 2019లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. టీ(11;14) లేనివాళ్లలో దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

సీఎంఎల్ సంగతి సులువు. ఇమాటినిబ్‌తో బీసీఆర్-ఏబీఎల్ 0.1%కు దిగింది, అయినా ప్లేట్‌లెట్లు 9 లక్షలు, ప్లీహం తగ్గలేదు. మందు మార్చే ముందు జాక్2, సీఏఎల్ఆర్ మ్యుటేషన్ పరీక్షలకు పంపండి. మాస్టోసైటోసిస్‌లో సీఎంఎంఎల్ హడావుడిలో మాస్ట్ కణాలు కనబడకుండా పోతాయి. టీ(8;21) ఏఎంఎల్‌లో కూడా అంతే. బయాప్సీ మీద ట్రిప్టేజ్, సీడీ117, సీడీ25 వేస్తే 15 లేదా అంతకన్నా ఎక్కువ మాస్ట్ కణాలున్న గుంపులు బయటపడతాయి. కిట్ డీ816వీ మ్యుటేషన్‌కి ఎన్‌జీఎస్ చాలదు, సున్నితమైన పీసీఆర్ కావాలి. పక్కన మైలాయిడ్ జబ్బు ఉన్నప్పుడు రక్తంలో ట్రిప్టేజ్ 20 దాటిందన్న దానికి సాక్ష్యంగా విలువ లేదు.

రిటుక్సిమాబ్, డారటుముమాబ్, రుక్సోలిటినిబ్ ఏది మొదలుపెట్టినా ముందు హెపటైటిస్ బీ చూడాలి, ఉపరితల యాంటిజెన్‌తో పాటు కోర్ యాంటీబాడీ కూడా. ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించకముందే రక్తం తీయండి. ఎక్కించాక దాతల యాంటీబాడీ వల్ల పాజిటివ్ వచ్చి అక్కర్లేని ఎంటెకావిర్ (హెపటైటిస్ బీ మందు) మోయాల్సొస్తుంది. మన దగ్గర పాత టీబీ మచ్చ ఉన్న ఛాతీ ఎక్స్‌రేలు తక్కువేమీ కాదు, రుక్సోలిటినిబ్‌కు ముందు అది కూడా చూసుకోవాలి.

వైద్యం నడుస్తున్నప్పుడు ఏ జబ్బుకు ఆ కొలబద్దే. మైలోమాకు ఎం బ్యాండ్, లైట్ చైన్లు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో నిష్పత్తి 3.1 దాకా మామూలే. సీఎంఎల్‌కు ఒకే ల్యాబులో ఐఎస్ (అంతర్జాతీయ) స్కేలు మీద బీసీఆర్-ఏబీఎల్. ఎంఆర్‌డీ (చికిత్స తర్వాత మిగిలిన కాసిని జబ్బు కణాలు) ఫ్లో అడిగేటప్పుడు ఏ జబ్బుకో రాయాలి. డారటుముమాబ్ పడినవాళ్లయితే అది కూడా రాయాలి, లేకపోతే సీడీ38తో వెతికి ప్లాస్మా కణాలు లేవని చెప్పేస్తారు.

బెంగళూరుకు రెండో అభిప్రాయానికి వచ్చేవాళ్లు కాగితాలే తెస్తారు. కాగితం మీద మళ్లీ లెక్క వేయలేం. రంగు వేసిన స్లైడ్లు, వేయని స్లైడ్లు, పారాఫిన్ బ్లాకు అడిగి తెచ్చుకోండి, ఇస్తారు. కారియోటైప్ ల్యాబులో మిగిలిన పెల్లెట్ (కణాల ముద్ద) దాచి ఉంటే ఫిష్‌కు మళ్లీ సూది పొడవక్కర్లేదు. డబ్బు అన్నిటికీ చాలకపోతే బయాప్సీ, ఫ్లో, కారియోటైప్ ముందు. పెర్ల్స్ ఐరన్ స్టెయిన్ చవకైనది, అది వదలొద్దు. డీఎన్ఏ తీసి దాచమని చెప్పి ఎన్‌జీఎస్ తర్వాత చేయించుకోవచ్చు. ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) మీదో ఆయుష్మాన్ మీదో వచ్చేవాళ్లు ఆ ఆసుపత్రిలో అది చెల్లుతుందా, అనుమతి ఏ జబ్బు పేరు మీద అడుగుతున్నారు అని కౌంటర్ దగ్గరే కనుక్కోండి. ఒక పేరు మీద వచ్చిన అనుమతిలో రెండో జబ్బు మందు ఇమడకపోవచ్చు. డిశ్చార్జ్ సమ్మరీలో రెండు జబ్బుల పేర్లూ వేర్వేరు వరసల్లో, ఒక్కోదాని ఎదురుగా దాని రిస్కు, ఇప్పుడు మందు ఉందా గమనింపేనా, మళ్లీ ఏ పరీక్ష ఎన్ని నెలలకు అని రాయించుకోండి. ఊళ్లో చూసే డాక్టరుగారికి ఆ ఒక్క పేజీ ఫోటో తీసి పంపితే చాలు.